మా చెరువుకు అజీర్తి చేసిన ఏడు

పిల్లలూ, మొన్న మీరు పంపిన వీడియో చూశాను. మీ అపార్ట్‌మెంటు వెనకున్న చెరువులోంచి నురగ లేచి, గోడ దాటి, రోడ్డు మీద ఆపిన స్కూటర్ల మీద గుట్టలుగా కూర్చుంది. మన చిన్నోడు అది మంచు అనుకుని రెండు చేతులూ చాపి పట్టుకోబోయాడు. అప్పుడు మీ అమ్మ ఒక కేక వేసింది చూడండి, ఇక్కడ తిరుపతిలో నా చేతిలో కాఫీ గ్లాసు తొణికింది. వాడికి ఏమవుతుందోనన్న భయం కాదు నాన్నా. అచ్చం అలాంటి కేకే నేను ఒకసారి విన్నాను. అది మీ ముత్తవ్వ వేసిన కేక. మా అత్తగారి ఊళ్ళో, రెండూళ్ళ జనం చూస్తుండగా వేసింది.

తర్వాత నేను ఫోన్ చేస్తే చిన్నది లాక్కుని అడిగింది, "అవ్వా, మీ కాలంలో చెరువులు శుభ్రంగా ఉండేవి కదా, వాటిని ఎవరు పాడు చేశారు?" అని. ఎవరో దుర్మార్గులు వచ్చి పాడు చేశారని చెప్తే నాకూ హాయిగా ఉండేది, మీకూ కథ బాగుండేది. పెద్దవాళ్ళం అట్లాగే చెప్తాం, మా చెంబులో ఎప్పుడూ తేట నీళ్ళే ఉన్నట్టు. కానీ మా ఊరి సంగతి వేరు. మా చెరువును పాడు చేయమని మేమే వెళ్ళి బతిమాలుకున్నాం. పూలదండ వేసి, పలక డప్పులు కొట్టించి మరీ బతిమాలుకున్నాం. ఆ గౌరవం కోసం పక్క ఊరితో పోట్లాడి గెలిచాం కూడా. ఫోన్‌లో చెప్తే మీరు నవ్వుతారు, నేను చెప్పేది మర్చిపోతాను. అందుకని ఇట్లా రికార్డు చేసి, నిదానంగా చెప్తాను, వినండి.

మా అత్తగారి ఊరు బంగారుపాళ్యం నుంచి లోపలికి పోవాలి. చుట్టూ మామిడి తోటలు, నడుమ మడులు, మడులకు పైన చెరువు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే తొంభైలలో, ఆ చెరువులో నీళ్ళు ఎట్లుండేవంటే, కట్ట మీద నిలబడితే మెట్ల కింద ఉన్న రాయి కూడా కనపడేది. కట్టకు దిగువన ఒక బావి. చెరువు ఊటే దాంట్లోకి వచ్చేది. ఊరంతా ఆ నీళ్ళే తాగేవాళ్ళం. తెల్లారేసరికి ఇత్తడి బిందెలకు చింతపండూ బూడిదా పట్టించి తోమి, ఆ బావి దగ్గర వరసగా పెట్టేవాళ్ళం. తడిసిన చింతపండు వాసన, పొయ్యిలో మామిడి కట్టె పొగ, పక్కింట్లో దంచే శెనక్కాయల వాసన. అప్పట్లో పొద్దు అంటే నాకు అదే.

మా అత్త రాజమ్మ, మీ ముత్తవ్వ, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె బలమంతా ముక్కులో ఉండేది. బిందె గడప దాటే ముందు వంగి ఒకసారి వాసన చూసేది. పాలు చూసేది, నెయ్యి చూసేది, పక్కింటి వాళ్ళు పంపిన పప్పు చూసేది. ఆమె ముక్కు దాటకుండా ఆ ఇంట్లోకి నీళ్ళు గానీ, పాలు గానీ, కోడలు గానీ రాలేదు. మా మామ మునిరత్నం నాయుడు, మీ ముత్తాత, సరిగ్గా దానికి ఎదురు. ఆయన బలమంతా నోట్లో. పొద్దున్నే రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి తిని, తుండు దులిపి తిన్నె మీద కూర్చుంటే పేపరు చదివి ఊరికి వినిపించేవారు. పేపర్లో ఉన్నదానికంటే ఆయన కలిపిందే ఎక్కువ ఉండేది కాబట్టి జనం కూడా బాగానే వచ్చేవాళ్ళు. ఊరికి పెద్ద ఆయనే. నీళ్ళ పంచాయితీ వస్తే ఆయన మాటే మాట.

మాకు ఎగువన, మిట్ట మీద, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా వచ్చింది. ఎండాకాలం వస్తే తోతాపురి కాయలతో ట్రాక్టర్లు రాత్రీ పగలూ దాని ముందు నిలబడేవి. తొక్కలు, టెంకలు, కాయలు కడిగిన నీళ్ళు అన్నీ వెనక గుంతలో పోసేవాళ్ళు. ఒక ఏడు మామ ఆ తొక్కలు రెండు ట్రాక్టర్లు తెచ్చి మా వరి కయ్యలో తోలించారు. ఆ ఏడు వరి బాగా పండింది. వానలు బాగా పడ్డాయని, అందరికీ పండిందని ఎవరూ అనలేదు. తొక్కల మహిమ అన్నారు మామ. ఆయన అన్నాక ఊరు కూడా అదే అంది.

మరుసటి ఎండాకాలానికి ఆ ఫ్యాక్టరీ గుంత నిండిపోయింది. ఒకరోజు జీపులో మేనేజరు మా ఇంటికి వచ్చాడు. సన్నగా, తెల్లచొక్కా వేసుకుని, చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని, తిన్నె అంచున కూర్చున్నాడు. నేను మజ్జిగ తెచ్చిపెట్టి తలుపు వెనక నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, "నాయుడు గారూ, మీతో ఒక చిన్న సహాయం..." అని మొదలుపెట్టాడు. మామ ఎవరినీ మాట పూర్తిగా చెప్పనిచ్చే మనిషి కాదు కదా.

"సార్, ముందు నా మాట ఇనండి. కోప్పడొద్దు. మీ ఫ్యాక్టరీ నీళ్ళు ఊరికే గుంతలో పోసి పాడు చేస్తా ఉండారు. బంగారం మాదిరి ఎరువు సార్ అది. ఆ నీళ్ళు మా వంకలోకి మళ్ళించండి. వంక దిగితే సెరువు. సెరువు కింద మా మడులు. ఊరంతా మీ పేరు చెప్పుకుంటాది."

మేనేజరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆయన వచ్చిందే ఆ నీళ్ళు మా వంకలోకి వదలనివ్వండి అని కాళ్ళావేళ్ళా పడటానికి. ఆ సంగతి ఆయన జీపు డ్రైవరు మీ తాతకు తర్వాత ఎప్పుడో చెప్పాడు. ఆ రోజు మాత్రం ఆయన మజ్జిగ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగాడు.

అంతలో కిందపల్లె పెద్ద చెంగల్రాయుడు సైకిలు దిగాడు. కిందపల్లె అంటే పేరులోనే ఉంది కదా, మా చెరువు నిండి పొర్లితే ఆ నీళ్ళు వాళ్ళ చెరువులోకి దిగుతాయి. ఫ్యాక్టరీకి అవతలి పక్కనుంచి వాళ్ళకు ఇంకో వంక కూడా ఉంది. జీపు మా ఊరి వైపు తిరగడం చూసి ఆయన వెనకే వచ్చాడు.

"ఏందన్నా ఇది? వానలు పడితే ముందు మీకే. సెరువు నిండితే ముందు మీకే. ఈ రొంత మురికైనా మాకు వదలకూడదా?" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువగా.

"ఎగువ మాది చెంగల్రాయా. ముందు వంతు మాది. మా తాతల కాడ్నించి నీళ్ళకు అదే కట్టుబాటు."

"అది వాన నీళ్ళకు! గుజ్జు నీళ్ళకు కూడా మీ తాత కట్టుబాటు పెట్టి పొయ్యినాడా?"

"పెట్టినాడనే అనుకో!"

"అనుకునేదానికి నేనేమన్నా నీ ఇంటి అల్లుడినా?"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. తుండ్లు భుజాల మీద నుంచి చేతుల్లోకి వచ్చాయి. మేనేజరు అప్పటికి తేరుకున్నాడు. మొహం గంభీరంగా పెట్టి, "తొందరపడకండి పెద్దాయనా. రెండు ఊళ్ళూ మాకు కావలసినవే. ఆలోచించి చెప్తాను," అని మిఠాయి పెట్టె మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. చూశారా, ఇవ్వడానికి తెచ్చిన మిఠాయి కూడా మిగిలింది ఆయనకు.

ఆయన ఆలోచిస్తున్నంత కాలం మా ఇంటి నుంచి నాటుకోళ్ళు, పనసకాయలు మిట్ట ఎక్కాయి. కిందపల్లె నుంచి పొట్టేలు ఎక్కిందని తెలిసి మా మామ అత్త దాచిన నెయ్యి డబ్బా కూడా అడిగారు. అత్త డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి, "మన వాకిట్లో కసువు పొయ్యమని మనమే నెయ్యి ఇచ్చి పంపడం యాడన్నా ఉండాదా?" అంది. ఆమె నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదలు.

"నీకు తెలీదు, గమ్మునుండు," అన్నారు మామ.  నెయ్యి వెళ్ళింది.

చివరికి మేనేజరు గారు మా మీద దయ తలిచారు. కాలువ తవ్వి, ఫ్యాక్టరీ నీళ్ళు మా వంకలో కలిసిన చోట కొబ్బరికాయ కొట్టాం. పలకలు మోగాయి. మామ ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. ఫోటో తీయించుకున్నారు. పసుపు పచ్చటి నీళ్ళు, తొక్కల ముక్కలు, పైన బుడగలు, తియ్యటి వాసన. పిల్లకాయలు దాని వెంట పరుగెత్తారు, కొత్త నీళ్ళు వచ్చినప్పుడు పరుగెత్తినట్టే. కిందపల్లె వాళ్ళు దూరంగా మిట్ట మీద నిలబడి చూసి, తలలు వంచుకుని పోయారు. మా ఊరికి అంత పెద్ద గెలుపు అంతకుముందు లేదు.

ఆ వానలకు చెరువు సగం నిండింది. నిండిన కొన్నాళ్ళకు పచ్చబడింది. ఆకుపచ్చ అంటే మీరు అనుకునే పచ్చ కాదు, గోరింటాకు రుబ్బి కలిపినట్టు చిక్కగా ఉండేది. మామ చుట్టాలను పిలిచి కట్ట మీదికి తీసుకెళ్ళి చూపించేవారు. నగరి నుంచి వచ్చిన మా చిన్నాన్న, మగ్గం మీద బతికే మనిషి, చాలాసేపు చూసి, "ఈ రంగు అద్దకానికి రాదు బావా, చీరకేస్తే ఎవురూ కట్టరు," అన్నాడు. మామ ఆయన్ను మళ్ళీ పిలవలేదు.

మీ అమ్మ ఈ మధ్య నాకు చెప్పింది, నీళ్ళకు కూడా తిండి ఉంటుందట. మడికి ఎరువు వేస్తే పైరు పెరిగినట్టు, చెరువులో ఆ సత్తువంతా చేరితే పాచి పెరుగుతుందట. పాచి చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న గాలిని తినేస్తుందట. అంటే మా చెరువుకు అజీర్తి చేసిందన్నమాట. అయినా ఫ్యాక్టరీని ఒక్కదాన్నే అంటే తప్పు. మేము మాత్రం తక్కువ వడ్డించామా? మడులకు ఒక చారెడు చాలన్న చోట యూరియా బుట్టతో చల్లి, మిగిలింది వాన కడిగితే చెరువులోకి పంపాం. అప్పుడే ప్యాకెట్లలో సబ్బు పొడి వచ్చింది. చాకిరేవు కాడ నురగ ఎంత ఎక్కువ లేస్తే ఆ ఇంటి కోడలు అంత గొప్ప. పేడ దిబ్బలన్నీ వంక అంచునే. చిన్నపిల్లకు బామ్మ ఒక ముద్ద, అత్త ఒక ముద్ద, మేనత్త ఒక ముద్ద పెట్టి, చివరికి కడుపు ఉబ్బిందని దిష్టి తీస్తారే, అట్లా చేశాం.

దిష్టి అంటే గుర్తొచ్చింది. ఆ పచ్చ నీళ్ళు పారిన మడుల్లో వరి నడుము దాకా లేచింది. మామ మడిలోకి దిగితే పైరులో నడుము పైభాగమే కనపడేది. సంతోషంతో ఆయనకు అన్నం కూడా తిన బుద్ధయ్యేది కాదు. కానీ ఆ పైరు ఆకు మీద పెట్టిన శ్రద్ధ గింజ మీద పెట్టలేదు. ఒక మోస్తరు గాలికే పడుకుంది. కోసి కళ్ళంలో తూరుపారబడితే గింజ కంటే తాలు ఎక్కువ. మీ తాత నిదానంగా, "నాయనా, ఎరువు ఎక్కువైందేమో," అన్నాడు. "ఎరువు ఎక్కువై ఎవురన్నా సెడతారా? కిందపల్లోళ్ళ కండ్లు పడినాయి," అన్నారు మామ. మరునాడు చెరువు కట్టకు బూడిద గుమ్మడికాయ కట్టించారు.

మరుసటి ఎండాకాలం ఫ్యాక్టరీ ఇంకా జోరుగా ఆడింది. చెరువులో నీళ్ళు తగ్గి, పైన పాచి మీగడ కట్టింది. ఒకరోజు తెల్లారి చూస్తే చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. "తిండెక్కువై బలిసి సచ్చినాయి," అన్నారు మామ. ఆ మాటలో నిజం ఉందని ఆయనకు కూడా తెలియదు. పక్కింటి వాళ్ళ దూడ ఒకటి ఆ మీగడ నీళ్ళు తాగి, సాయంత్రానికి వణికి పడిపోయి చచ్చిపోయింది. దానికి పాము కరిచిందని తేల్చారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నేను కట్టకింద బావి నుంచి బిందె తెచ్చాను. అత్త వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. బిందె ఎత్తి జామచెట్టు మొదట్లో కుమ్మరించింది. కొంగు నడుముకు దోపి, "రా అమ్మణ్ణీ," అని నడిచింది. ఊరు దాటి, మామిడి తోపులు దాటి, కొండ వాలులో ఒక పాత తోట బావి ఉంది. అక్కడిదాకా పోయాం. ఆ బావికి చెరువుతో పొత్తు లేదు. అత్త చేద వేసి తోడి, వాసన చూసి, కండ్లు మూసుకుని తాగింది. దారిలో ఒకటే మాట చెప్పింది: "మీ మామకు సెప్పొద్దు. ఆయన తెచ్చిన నీళ్ళు మనం పారబోసినామని తెలిస్తే మనసు కష్టపడతాడు."

అప్పటి నుంచి రోజూ అదే పని. మామ పొలం వైపు వెళ్ళగానే మేము కొండ వైపు. ఆ దారిలో మా ఊరి ఆడవాళ్ళు ఎదురయ్యేవాళ్ళు. ఒకామె మామిడాకులకు వచ్చానంది. ఇంకొకామె చెల్లెలి కూతురికి బాగలేదంటే చూసొస్తున్నానంది, ఆ దారిలో కొండ తప్ప ఊరే లేదు. అందరి చంకలోనూ బిందె ఉండేది. ఎవరూ ఎవరి బిందె వైపూ చూసేవాళ్ళం కాదు.

ఇంట్లో మామ భోజనానికి కూర్చుని, చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "సూడు మే, నీళ్ళు ఎంత తియ్యగా ఉండాయో! ఎండాకాలంలో ఇట్లాంటి నీళ్ళు ఎప్పుడన్నా తాగితిమా? గుజ్జు మహిమ!" అనేవారు. అత్త రెండో ముద్ద సంగటి వేసేది. నేను లోపలికి వెళ్ళి గోడకేసి నవ్వుకునేదాన్ని. అప్పుడు నాకు అది నవ్వే. ఎక్కడికి తెస్తుందో తెలియలేదు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. వంకలన్నీ ఒకేసారి దిగాయి. చాలా ఏళ్ళ తర్వాత చెరువు నిండి మొరవ దగ్గర పొర్లింది. మొరవ అంటే చెరువుకు కడుపు నిండాక మిగులు నీళ్ళు దూకి పోయే రాతి గట్టు. మొరవ పారిన రోజు మా ఊళ్ళో గంగపూజ. పసుపు కుంకుమలు, చీర, పొట్టేలు అన్నీ అయ్యాక, ఊరి పెద్ద మొరవ మీద వంగి, దోసిలి పట్టి, మొదటి నీళ్ళు తాగాలి. ఆయన తాగితేనే ఆ ఏడు చెరువు నీళ్ళు ఊరికి చెల్లినట్టు. ఎప్పుడూ మామే తాగేవారు.

నిండిన చెరువు అడుగున రెండేళ్ళుగా పేరుకున్నదంతా ఆ వరదకు పైకి లేచింది. గాలికి పాచి మొత్తం మొరవ వైపే కొట్టుకొచ్చింది. ఊళ్ళోకి వాసన వచ్చింది. అత్త ఆ పొద్దున మామ వీపు మీద నీళ్ళు పోస్తూ, పోస్తూ ఆగింది.

"ఈ ఏడు దోసిలి ఇంగొకరికి ఇయ్యకూడదా?"

"ఎందుకు మే? నాకేమి, ముసలోడినై పొయ్యినానా?"

"అది కాదయ్యా. నీళ్ళు ఏమీ బాగలేవు."

"బాగలేకపోయేదేంది? ఎండాకాలం నుంచి తాగతా ఉండే నీళ్ళే కదా!" అని ఆయన నవ్వారు. "సేపలు సచ్చినాయి, దూడ సచ్చిందని ఊళ్ళో ఏందేందో అంటా ఉండారు. ఈ పొద్దు అందరి ముందర దోసిలి కాదు, చెంబుడు తాగతా సూడు."

అత్త చెంబు నీళ్ళలో పడేసి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నిజం చెప్తే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆయన తాగుతారు. ఆ దూడ ఎట్లా పడిపోయిందో మేమిద్దరం చూసినవాళ్ళమే. ఆమె మళ్ళీ నోరు తెరిచేలోపు మామ తల తుడుచుకుంటూ, మేనేజరును పిలిచానని, ఈ ఏడు పూజకు ఆయనే ముఖ్య అతిథి అని, జీపు వచ్చే వేళయిందని చెప్పుకుంటూ వెళ్ళిపోయారు.

మొరవ దగ్గర మా ఊరూ, కిందపల్లె ఊరూ. నీళ్ళు పచ్చగా, మందంగా రాళ్ళ మీద దూకుతుంటే కింద నురగ గుట్టలుగా లేచింది. పూజారి మంత్రం ముక్కు మూసుకుని చదివాడు. మేనేజరు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నట్టు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు. పొట్టేలు అయ్యాక మామ, "ఈ ఏడు మొదటి దోసిలి సార్‌కు. ఈ పచ్చదనం ఇచ్చింది ఆయనే," అన్నారు. పలకలు మోగాయి.  మేనేజరు డ్రైవరు వైపు చెయ్యి చాపాడు. డ్రైవరు జీపులోంచి సీసా నీళ్ళు తెచ్చాడు. మేనేజరు మొరవ మీద భక్తిగా వంగి, సీసా వంచి దోసిట్లో పోసుకుని, కళ్ళకద్దుకుని తాగాడు. "గంగ ఎక్కడైనా గంగే కదండీ," అన్నాడు. జనం కాసేపు చూసి, చప్పట్లు కొట్టారు. ఏమి చేయాలో తెలియనప్పుడు మనవాళ్ళు చప్పట్లు కొడతారు.

ఆయన సీసా మామకు అందించాడు. మామ దాన్ని పక్కకు నెట్టారు. "మాకు ఇవెందుకు సార్? మేము రోజూ తాగేది ఈ సెరువు నీళ్ళే," అని పంచె ఎగ్గట్టి, రాళ్ళ మీద దిగి, చేత్తో పాచి పక్కకు తోసి, దోసిలి నిండా ముంచి పైకెత్తారు.

"తాగొద్దయ్యా!"

ఆ కేక అత్తది. మా ఊళ్ళో ఏ ఇంటి ఆడదీ నలుగురిలో మొగుణ్ణి పేరు పెట్టి గానీ, పెట్టకుండా గానీ కేక వేసింది లేదు. పలకల వాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆమె ఆడవాళ్ళ గుంపులోంచి ముందుకు వచ్చింది. చీర చెంగు నీళ్ళలో తడుస్తోంది.

"ఇంట్లో నువ్వు తాగేది ఈ నీళ్ళు కాదు. ఎండాకాలం నుంచి కాదు. నేనూ కోడలూ కొండ కింద తోట బావి నుంచి తెస్తా ఉండాము. ఆ దూడ సచ్చింది పాము కరిచి కాదు. తాగొద్దు."

మామ దోసిలి అట్లాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి పచ్చటి నీళ్ళు ఆయన మోచేతుల మీదుగా కారుతున్నాయి.  ఆయన అత్త వైపు చూశారు, నా వైపు చూశారు, మీ తాత వైపు చూశారు. కిందపల్లె వైపు నుంచి చెంగల్రాయుడు గొంతు లేచింది, నవ్వు ఆపుకోలేక.

"ఏందన్నా! ఊరికంతా గుజ్జు నీళ్ళు పోయించి, నువ్వు మాత్రం కొండ నీళ్ళు తాగతా ఉండావా? భలే పెద్దమనిషివి!"

అప్పుడు మా పక్కింటామె, దూడ పోయిన ఆమె, ఉండబట్టలేక, "మేమూ ఆ బావి నీళ్ళే తాగతాము," అనేసింది. ఆమె మొగుడు నోరు తెరిచి ఆమెను చూశాడు. ఇంకొకామె, "మేమూ" అంది. ఇంకొకామె నవ్వేసింది. ఒక్కొక్క మొగవాడూ తన పెళ్ళాం వైపు తిరిగి చూడటం, ఆమె తల వంచుకోవడం, ఆ వరస ఊరు దాటి కిందపల్లె గుంపులోకి కూడా పాకింది. చెంగల్రాయుడి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరి మన బావిలో వాసనొస్తా ఉంటే యాడికి పోవాల?" అంది మెల్లగా. చెంగల్రాయుడి నవ్వు అక్కడే ఆగిపోయింది.

మామ దోసిలి విప్పారు. నీళ్ళు మొరవ మీద పడి కిందపల్లె వైపు పోయాయి. "నా వల్ల కాదప్పా. ఈ నీళ్ళు నేను తాగలేను. నేనే అడిగి తెచ్చినాను," అన్నారు. గట్టిగా కాదు, కానీ అందరికీ వినపడింది.

ఇక్కడ కథ మారి ఉంటే ఎంత బాగుండేదో. మామ మర్నాడే మిట్ట ఎక్కి కాలువ మూయమని అడిగారు. మేనేజరు తన గోడ మీద ఫ్రేము కట్టించిన ఫోటో చూపించాడట. దండ, కొబ్బరికాయ, మామ నవ్వు. "మీరే కదండీ అడిగారు. మీ ప్రేమను కాదనగలమా?" అన్నాడట. మీ తాత ఎక్కడెక్కడో తిరిగి అర్జీలు పెట్టాడు. వచ్చి చూసినవాళ్ళు చెరువును చూశారు, ఫోటో చూశారు, టీ తాగి పోయారు. ఊరేమో మామ మీదే విసుక్కుంది. గంగ ముందు దోసిలి విడిచిన మనిషి ఊరి పెద్దగా పనికిరాడని, మరుసటిసారి మొరవ పారినప్పుడు దోసిలి ఇంకొకరికి ఇచ్చారు. ఆయన తెలివైన వాడు, ముందే సీసా తెప్పించుకున్నాడు. ఇప్పుడు మీరు ఆ ఊరు పోతే మొరవ దగ్గర పూజ ఇంకా జరుగుతుంది, ఇంకా ఘనంగా జరుగుతుంది, మైకులు పెట్టి. చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకుంది, ఊదారంగు పూలు పూస్తాయి, కొత్తగా పెళ్ళైన జంటలు ఫోటోలు తీసుకుంటారు. ఊరంతా క్యాను నీళ్ళు తాగుతారు. మేము చెరువు చెడితే బావికి పోయాం, బావి చెడితే కొండకు పోయాం. ఇప్పటివాళ్ళకు నయం, నీళ్ళే బండెక్కి వాకిట్లోకి వస్తాయి. ఎక్కడి నుంచి వస్తాయో ఎవరూ అడగరు. మాకు కనీసం ముక్కులు పనిచేసేవి, ఇప్పుడు క్యాను మూతకు సీలు ఉంటే చాలు.

అయితే ఆ గంగపూజ మరునాటి పొద్దు ఒకటి ఉంది. అది మాత్రం మీకు చెప్పాలి.

ఆ పొద్దున నేనూ అత్తా లేచేసరికి ఇత్తడి బిందె దాని చోట లేదు. వాకిట్లో చూశాం, పెరట్లో చూశాం. మామ మంచం కూడా ఖాళీ.  ఇద్దరం చెరువు వైపు పరుగెత్తాం, లేరు. అప్పుడు ఆమెకు ఏం తోచిందో, కొండ దారి పట్టింది. తోట దగ్గరికి వచ్చి నేను ముందుకు పోబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఒక మామిడి చెట్టు వెనక నిలబెట్టింది.

బావి గట్టు మీద మామ ఉన్నారు. తల మీద తుండు చుట్ట చుట్టుకుని, పక్కన బిందె పెట్టుకుని. అవతలి గట్టు మీద చెంగల్రాయుడు, ఆయన పక్కన ఇంకో బిందె. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా బావిలోకి చూస్తున్నారు. ఉన్న చేద ఒకటే.

"మీ ఊర్లో బావి లేదా?" అన్నారు మామ.

"ఉండాది. నీ సెరువు ఊట దిగి దాంట్లోకే వచ్చింది."

 మామ చేద వదిలి, తోడి, పైకి లాగారు. ఆయనకు అలవాటు లేని పని, సగం నీళ్ళు కాళ్ళ మీదే పోశారు. మిగిలిన సగం ఎత్తి ఒక్క క్షణం ఆగి, ముందు చెంగల్రాయుడి బిందెలో పోశారు.

"ముందు వంతు ఎగువోళ్ళది కదన్నా," అన్నాడు చెంగల్రాయుడు.

"పట్టుకో అప్పా, గమ్మున," అన్నారు మామ.

నేను సాయం చేద్దామని అడుగు వేశాను. అత్త నా కొంగు పట్టి వెనక్కి లాగింది. ఆమె ముక్కు ఎగబీల్చింది, కళ్ళు తుడుచుకుంది. "పద అమ్మణ్ణీ, ఇంటికి పోదాం. తోడనీ. రొంత దూరం మొయ్యనీ," అంది.